గాలి ఇచ్చేదెంత, రూల్‌బుక్ గుంజుకునేదెంత: ఆటోక్రాస్‌లో స్పాయిలర్ల సంగతి

హన్మకొండలో ఏ కార్ యాక్సెసరీ షాపుకు పోయినా సీటు కవర్లు, ఎల్‌ఈడీ బల్బుల పక్కన గోడకు ఆనించి రెండు మూడు స్పాయిలర్లు, అంటే బండి వెనక తగిలించే పలకలు, కనిపిస్తాయి. ఫైబర్‌వి, నల్లగా మెరుస్తుంటాయి. స్విఫ్ట్‌కో ఐ20కో డబుల్ టేపు వేసి, నాలుగు స్క్రూలు దించి చిటికెలో బిగించి ఇస్తారు. ఆ బండినే ఆటోక్రాస్‌కు తీసుకుపోదామనుకున్న రోజున దాని అసలు ఖర్చు బయటపడుతుంది. షాపులో కట్టిన డబ్బు ఆ ఖర్చులో చిన్న ముక్క. బండిని ఏ క్లాసులో నిలబెడతారు, ఎవరితో పోటీ పడాల్సి వస్తుంది అన్నది పెద్ద ముక్క.

ఆటోక్రాస్‌లో బండ్లు పక్కపక్కన పరుగెత్తవు. కోన్లు పెట్టి గీసిన దారిలో ఒక్కొక్క బండి ఒంటరిగా పోతుంది, పోటీ గడియారంతోనే. పరుగు సాధారణంగా ఒక నిమిషం చుట్టుపక్కల ముగుస్తుంది. అమెరికాలో ఇది పార్కింగ్ స్థలాల్లో, వాడకంలో లేని రన్‌వేల మీద జరుగుతుంది. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా దీన్ని ‘సోలో’ పేరుతో నడుపుతుంది. మన దేశంలో ఎక్కువగా మట్టి నేల మీద పెడతారు, అనుమతులూ లైసెన్సులూ మన దేశ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ చేతిలో ఉంటాయి. నేల ఏదైనా వేగం మాత్రం హైవే వేగం దాటదు. సెకండ్ గేర్, అప్పుడప్పుడు థర్డ్. మలుపుల్లో గంటకు 40, నేరుగా ఉన్న చోట 70, 80. తర్వాత చెప్పేదంతా ఈ అంకెల మీదే ఆధారపడి ఉంటుంది.

వింగ్ అంటే రెండు వైపులా గాలి ఆడేలా బండి మీద ఎత్తి నిలబెట్టే రెక్క. అది కిందికి నొక్కే బలం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 40 దగ్గర ఎంత నొక్కుతుందో 80 దగ్గర దానికి నాలుగింతలు నొక్కుతుంది. టీవీలో 250 దగ్గర పోయే బండి చూసి మన 50 కిలోమీటర్ల మలుపును ఊహించుకుంటే లెక్క పాతిక రెట్లు తప్పుతుంది. ఇక గాలి చిక్కదనం. పాఠ్యపుస్తకాల్లో ఘనమీటరు గాలి బరువు 1.225 కిలోలని ఉంటుంది. అది సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల చల్లదనంలో మాట. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు ఇక్కడ మామూలే. ఆ ఎండలో ఘనమీటరు గాలి 1.1 కిలోల దగ్గరికి పడిపోతుంది. అంటే మన ఎండాకాలం వింగ్ చేసే పనిలో పదో వంతు ముందే తీసేసుకుంటుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. రేసు కోసమే చేసిన పెద్ద వింగ్, 8 చదరపు అడుగులు అనుకుందాం. దాని లిఫ్ట్ గుణకం, అంటే ఆకారాన్ని బట్టి ఎంత బాగా నొక్కుతుందో చెప్పే అంకె, 1.5 అనుకుంటే, ఆ గాలిలో గంటకు 40 దగ్గర 8 కిలోల బరువు నొక్కుతుంది. 60 దగ్గర 17, 80 దగ్గర 31, 100 దగ్గర 48 కిలోలు. షాపులో గోడకు ఆనించి ఉన్నదేమో నాలుగడుగుల పొడవు, అర అడుగు వెడల్పు. దాని ఆకారానికి గుణకం 0.5 ఇవ్వడమే దయ. అది 60 దగ్గర ఒకటిన్నర కిలో కూడా నొక్కదు. దాని సొంత బరువే అంతకంటే ఎక్కువ ఉండొచ్చు.

పెద్ద వింగ్ ఇచ్చిన 17 కిలోలు కూడా ఎంతని? డ్రైవర్‌తో కలిపి 970 కిలోలున్న హ్యాచ్‌బ్యాక్‌కు అది రెండు శాతం లోపు. మలుపులో పోగలిగే వేగం పట్టు వర్గమూలంతో పెరుగుతుంది కాబట్టి వేగంలో లాభం ఒక శాతం లోపే. టైరు మీద బరువు పెరిగినంతగా పట్టు పెరగదు, అదొక కోత. 50 సెకన్ల పరుగులో సగం మలుపులని లెక్కపెడితే మొత్తం మీద మిగిలేది 0.1 నుంచి 0.2 సెకను. అమెరికా సోలో నియమాల్లో ఒక్క కోన్ తగిలితే 2 సెకన్లు కలుపుతారు. మన దగ్గర శిక్ష ఎంతో నిర్వాహకులు ఆ పోటీ నియమావళిలో రాస్తారు. మొదటి ఏడాది పోటీకి వచ్చినవాడికి వింగ్ కంటే కోన్ తగలకుండా పోవడం, టైరులో గాలి ఎంత ఉంచాలో తెలుసుకోవడం ఎన్నో రెట్లు ఎక్కువ సమయం మిగులుస్తాయి.

మరి అమెరికా పై క్లాసుల బండ్ల మీద అంతంత భారీ వింగ్‌లు ఎందుకు? అక్కడ జాతీయ పోటీల్లో గెలుపోటములు సెకనులో వెయ్యో వంతుల తేడాతో తేలుతుంటాయి, 0.2 సెకను అంటే ఆస్తి. పైగా తక్కువ వేగంలో వింగ్ గాలికి అడ్డుపడే నష్టం దాదాపు లేనట్టే. పైన చెప్పిన వింగ్ 60 దగ్గర ముప్పావు హార్స్‌పవర్ మాత్రమే తింటుంది. అదే వింగ్ 180 దగ్గర 20 హార్స్‌పవర్ మింగుతుంది, ఎందుకంటే ఆ నష్టం వేగం ఘనంతో పెరుగుతుంది. సర్క్యూట్‌లో ఆ భయమే వింగ్ సైజును అదుపులో పెడుతుంది. ఆటోక్రాస్‌లో ఆ భయం లేదు కనుక రూల్ లేకపోతే అందరూ పందిరంత వింగ్ కట్టేవాళ్లే. అందుకే ఇక్కడ చదరపు అడుగులు కొలిచి హద్దు పెట్టాల్సి వచ్చింది.

వింగ్ ఎక్కడ కూర్చుంటుందన్నది ఇంకో చిక్కు. మన దగ్గర పోటీకి వచ్చేవి ఎక్కువగా ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పే బండ్లు. వెనక ఇరుసుకు అర మీటరు వెనకాల వింగ్ పెట్టి 17 కిలోలు నొక్కితే, వెనక చక్రాల మీద 21 కిలోలు పడతాయి, ముందు చక్రాల మీద మూడున్నర కిలోలు తగ్గుతాయి. తిప్పేవీ, లాగేవీ, ఎక్కువ బ్రేకు పట్టేవీ ఆ ముందు చక్రాలే. స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా తోసుకుపోయే జబ్బు ఇలాంటి బండ్లకు పుట్టుకతోనే ఉంటుంది, వెనక వింగ్ ఒక్కటే పెడితే అది ముదురుతుంది. ముందు బంపర్ కింద కూడా స్ప్లిటరో ఎయిర్‌డ్యామో లాంటి పలక లేకుండా వెనక మాత్రమే కట్టిన హ్యాచ్‌బ్యాక్ ఫొటోకు బాగుంటుంది.

హ్యాచ్‌బ్యాక్ వెనక అద్దం దగ్గర గాలి ఎలా ఉంటుందో చూడాలంటే యంత్రాలు అక్కర్లేదు. ఊలు దారం జానెడు ముక్కలు కత్తిరించి, ఒక కొస టేపుతో అద్దం మీద, పైకప్పు అంచున వరుసగా అతికించాలి. ఖాళీ ప్రైవేటు స్థలంలో బండి 50 దగ్గర పోతుంటే పక్క బండిలోంచి ఫోనుతో వీడియో తీయాలి. పైకప్పు మీది దారాలు వెనక్కి చక్కగా పడుకుంటాయి. అంచు దాటాక అద్దం మీదివి పిచ్చెత్తినట్టు గిరగిర తిరుగుతాయి, కొన్ని ముందుకు కూడా వంగుతాయి. అక్కడ గాలి బండి నుంచి ఊడిపోయింది, ఇక సుడులే. ఆ సుడుల్లో పెట్టిన ఏ వింగ్ అయినా దండగే. పని చేయాలంటే వింగ్ పైకప్పు మట్టం దాటి శుభ్రమైన గాలిలోకి లేవాలి. సరిగ్గా ఆ ఎత్తునే రూల్‌బుక్‌లు హద్దులో పెడతాయి. కంపెనీ పైకప్పు చివర ఇచ్చే చిన్న స్పాయిలర్ పని వేరు. దాని కింద గాలి పోవడానికి సందు ఉండదు, బండి ఒంటికి అతుక్కుని ఉంటుంది. గాలి ఎక్కడ ఊడాలో అక్కడ తెగ్గొట్టి, బండిని పైకి లేపే బలాన్ని కొంత తగ్గిస్తుంది. వింగ్‌కు రెండు వైపులా గాలి ఆడాలి. ఈ తేడా రూల్‌బుక్‌లో చాలా ముఖ్యం, చాలా క్లాసుల్లో స్పాయిలర్‌కు ఒక హద్దు, వింగ్‌కు పూర్తి నిషేధం ఉంటాయి.

మట్టి ట్రాక్ మీద స్ప్లిటర్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బంపర్ కింద నేలకు దగ్గరగా ముందుకు చాచిన పలక అది. పై నుంచి ఆగిపోయిన గాలి నొక్కుతుంది, కింద నుంచి వేగంగా జారే గాలి గుంజుతుంది. తారు మీద బాగా పని చేస్తుంది. మన చెలక నేలలో నాలుగు బండ్లు తిరిగి గాడి పడ్డాక అది నాగలి కర్రులా దిగబడుతుంది. డిఫ్యూజర్ అంటూ వెనక బంపర్‌కు తగిలించే ప్లాస్టిక్ రెక్కలైతే 160 మిల్లీమీటర్లకు పైగా గ్రౌండ్ క్లియరెన్స్ ఉండి, కింద సైలెన్సర్ గొట్టాలు వేలాడే మన బండికి అలంకారమే.

అలంకారమైనా సరే, రూల్‌బుక్ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

రాయనిది చేయకూడదు

అమెరికా సోలో నియమాలను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. మార్పులను మెట్లుగా పేర్చి, ఏ మెట్టు మీద ఏమి చెల్లుతుందో అంత వివరంగా రాసుకున్న అమెచ్యూర్ నియమావళి అరుదు. కింది మెట్టు స్ట్రీట్, అక్కడ బండి కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి, బయట కొన్న స్పాయిలర్ పెట్టడానికి వీల్లేదు. స్ట్రీట్ ప్రిపేర్డ్‌లో వెనక స్పాయిలర్ పెట్టుకోవచ్చు, కానీ అసలు బాడీ నుంచి ఏ దిక్కుకైనా 10 అంగుళాలు దాటకూడదు. స్ట్రీట్ మాడిఫైడ్‌లో వింగ్ కూడా చెల్లుతుంది, మొత్తం వైశాల్యం 8 చదరపు అడుగులు మించకుండా. పైన నేను లెక్కకు తీసుకున్న సైజు అదే. పై మెట్టు ఎక్కినకొద్దీ ఎదురు నిలిచే బండ్లకు వింగ్ ఒక్కటే కాదు, ఇంజిన్, సస్పెన్షన్, టైర్లు అన్నీ మారి ఉంటాయి. ఒకటిన్నర కిలో నొక్కే షాపు స్పాయిలర్ కోసం ఆ బండ్ల మధ్యకు పోయి నిలబడాలి.

ఈ నియమావళి చదివే పద్ధతి ఒక్కటే: ఫలానాది చేయవచ్చని రాసి లేకపోతే అది చేయకూడదు. మనకు అలవాటైన తర్కం దీనికి తలకిందులు. ‘వద్దని ఎక్కడ రాశారు?’ అని అడగడం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఇక్కడ అది పారదు. గ్రిల్ సందులకు టేపు వేసినా గాలి దారి మార్చినట్టే, అది చెల్లుతుందని ఎక్కడ రాసి ఉందో చూపించాల్సిన బాధ్యత మీదే. స్పేర్ టైరు తీసేయవచ్చని స్ట్రీట్ నియమాల్లో స్పష్టంగా రాశారు కాబట్టి తీయవచ్చు. బేస్ మోడల్ కొని టాప్ మోడల్ స్పాయిలర్ ఒక్కటి తగిలిస్తే కుదరదు. ఆ ప్యాకేజీలో వచ్చే సామానంతా, ఏ ఒక్కటీ వదలకుండా, మార్చాలి. కంపెనీ సామానే కదా అన్న వాదన వినేవాళ్లుండరు.

పోటీకి ముందు బండ్లను తనిఖీ చేసే స్క్రూటినీ దగ్గర ఈ గొడవ ఎప్పుడూ ఒకే తీరుగా నడుస్తుంది.

‘అన్నా, గిది షోకు కోసం పెట్టిచ్చిన. స్పీడు కోసం కాదే.’

‘షోకే గదా తమ్మీ. ఊడదీసి పక్కకు పెట్టు, రేసు అయినంక మల్ల పెట్టుకో.’

‘ఊడదీస్తే డిక్కీకి బొక్కలు కనవడతయి గదన్నా.’

తనిఖీ చేసే ఆ అన్న ముందుగా చేసేది కళ్లతో చూడటం కాదు, చేత్తో పట్టి గుంజడం. వింగ్ చివర పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకూ ఊపుతాడు. డిక్కీ రేకు టకటక లోపలికి బయటికి కొట్టుకుంటే కథ అక్కడే ముగుస్తుంది. తర్వాత డిక్కీ తెరిచి కింది వైపు వేలితో తడుముతాడు. నట్టు కింద పెద్ద వాషరో రేకు పలకో ఉందా, బోల్టు నేరుగా పల్చటి రేకునే కొరుకుతోందా అని చూస్తాడు. 30 కిలోలు నొక్కే వింగ్ గాలి కుదుపుకు క్షణానికోసారి లాగి వదులుతుంటే, వాషర్ లేని బోల్టు రంధ్రాన్ని వెడల్పు చేసుకుంటూ పోతుంది. ఆ తర్వాతే టేపు తీసి అంగుళాలు కొలుస్తాడు.

ఆ గుంజుడుకు వెనక పెద్ద చరిత్రే ఉంది. 1960ల చివర్లో ఫార్ములా వన్ బండ్ల మీద పొడవాటి సన్నని కర్రల మీద ఎత్తున వింగ్‌లు నిలబెట్టేవారు. 1969లో బార్సిలోనాలోని మోంట్‌జుయిక్ వీధుల్లో జరిగిన స్పానిష్ గ్రాండ్ ప్రీలో రెండు లోటస్ బండ్ల వింగ్‌లు ఒకదాని తర్వాత ఒకటి విరిగిపోయి, గ్రాహమ్ హిల్, యోకెన్ రింట్ ఇద్దరూ గోడలకు గుద్దుకున్నారు. రెండు వారాల తర్వాత మొనాకోలో ఆ ఎత్తు వింగ్‌లను నిషేధించారు, అదీ ప్రాక్టీస్ మొదలయ్యాక. ఏరో పరికరం, అంటే గాలి బలాన్ని వాడుకునే వింగ్ లాంటి ఏ సామానైనా, బండికి బిగుసుకుని ఉండాలి, కదలకూడదు అన్న సూత్రం అక్కడి నుంచి గట్టిపడింది. 1978లో బ్రాభమ్ జట్టు వెనక పెద్ద ఫ్యాన్ పెట్టుకొచ్చి, ఇది ఇంజిన్ చల్లబరచడానికే అని వాదించింది. ఆ ఫ్యాన్ బండి కింది గాలిని లాగేసి బండిని నేలకు అతికించేది. స్వీడన్‌లో నికీ లౌడా దానితో గెలిచాడు కూడా. ఆ బండి మళ్లీ ఏ రేసులోనూ కనిపించలేదు. షోకు కోసమే పెట్టించానన్న తమ్మి వాదానికి దీన్ని అన్నయ్య అనుకోవచ్చు.

ఎన్‌ఐటీ వరంగల్ లాంటి చోట ఇంజినీరింగ్ చదివే పిల్లలకు, విద్యార్థులే బండి తయారు చేసి పోటీ పడే ఫార్ములా స్టూడెంట్ పేరు కొత్త కాదు. మన దేశంలో కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్ ఆ కుటుంబంలోదే. అందులో ఆటోక్రాస్ ఒక విభాగం. అక్కడి నియమాలు చూస్తే గుంజి చూడటాన్ని అంకెల్లోకి ఎలా మార్చారో తెలుస్తుంది. జర్మనీ ఫార్ములా స్టూడెంట్ నియమావళి ప్రకారం 225 చదరపు సెంటీమీటర్ల మేర 200 న్యూటన్ల బలం, అంటే దాదాపు 20 కిలోల బరువు, పెడితే ఏరో పరికరం 10 మిల్లీమీటర్లకు మించి వంగకూడదు. ఏ బిందువు దగ్గరైనా 50 న్యూటన్లకు 25 మిల్లీమీటర్లు దాటకూడదు. ముందుకు చూసే అంచులు పదునుగా ఉండకూడదు, అడ్డంగా ఉన్న అంచుకు 5 మిల్లీమీటర్లు, నిలువు అంచుకు 3 మిల్లీమీటర్ల గుండ్రం ఉండాలి. ఎందుకంటే కోన్లు సర్దే పిల్లలు ట్రాక్ పక్కనే నిలబడి ఉంటారు. మన షాపుల్లో రేకు కత్తిరించి వింగ్ కొసలకు బిగించే ఎండ్‌ప్లేట్ ఒకటి పట్టుకుని దీనితో పోల్చి చూడండి, అరచేయి తెగుతుంది.

మన దేశపు క్లబ్ స్థాయి పోటీల్లో బండ్లను ఎక్కువగా ఇంజిన్ సీసీని బట్టి విడగొడతారు. దాంతో ఏరో గురించి పట్టింపు లేదని చాలామంది అనుకుంటారు. ప్రతి పోటీకి నిర్వాహకులు విడుదల చేసే సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ అనే కాగితంలో స్టాక్ క్లాసు, మాడిఫైడ్ క్లాసు విడిగా ఉన్నాయా, స్టాక్ అంటే ఏమని రాశారు అన్నదే తేల్చే మాట. ఎఫ్‌ఎంఎస్‌సీఐ అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏకు మన దేశ ప్రతినిధి. ఎఫ్‌ఐఏ సాంకేతిక నిర్వచనాల్లో బయటి బాడీవర్క్ అంటే గాలి తగిలే, సస్పెన్షన్ మీద నిలిచే భాగమంతా. ఆ నిర్వచనం ముందు టేపుతో అంటించిన ప్లాస్టిక్ ముక్క కూడా బాడీవర్కే. ‘ఇది బాడీలో భాగం కాదు, పైన పెట్టిందే’ అంటే చెల్లదు.

ఇంటికి పోయే దారి

ఇందులో ఎవరూ మాట్లాడని తమాషా ఒకటుంది. పోటీలో 40, 60 దగ్గర 8, 17 కిలోలు నొక్కిన వింగ్, ఆ బండి హైదరాబాద్ నుంచి 163వ నంబర్ జాతీయ రహదారి మీద 100 దగ్గర వరంగల్ వస్తుంటే 48 కిలోలు నొక్కుతుంది. వింగ్ ఆ రోజు మొత్తంలో గట్టిగా పని చేసేది ఇంటికొచ్చే దారిలోనే. చట్టం అడ్డు చెప్పేదీ ఆ దారిలోనే.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది. ఆ సెక్షన్ వివరణలో మార్పు అంటే బండి నిర్మాణంలో, దాని ప్రాథమిక లక్షణంలో వచ్చే మార్పు అని ఉంది. కాబట్టి నాలుగు స్క్రూల స్పాయిలర్ అందులోకి వస్తుందా రాదా అని వాదించే చోటు కొంత ఉంది. డిక్కీ కోసి, చాసిస్‌కు పట్టీలు వెల్డింగ్ చేసి నిలబెట్టిన వింగ్‌కు ఆ చోటు లేదు. అదే ఏడాది సవరించిన కేంద్ర చట్టంలో 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. బంపర్ దాటి ముందుకు పొడుచుకొచ్చే సామాను మీద కేంద్రం చూపు ముందు నుంచే ఉంది. పాదచారులకు ప్రమాదమని 2017 డిసెంబరులో బుల్‌బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. ముందుకు చాచిన గట్టి స్ప్లిటర్ ఎవరి మోకాలికి తగిలినా దెబ్బ అదే.

బీమా సంగతి ఇంకా చాలామందికి తెలియదు. మామూలు కారు పాలసీలో వాడకం మీద పరిమితులు అనే పేరా ఉంటుంది. వ్యవస్థీకృత రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ దాని పరిధిలోకి రావని అందులోనే రాసి ఉంటుంది. కాబట్టి ట్రాక్‌లో స్తంభానికి గుద్దితే పాలసీ కాగితం అక్కరకు రాదు. రోడ్డు మీద గుద్దినప్పుడు కూడా సర్వేయర్ ముందు డిక్కీ మీది వింగ్ ఒక ప్రశ్నే అవుతుంది.

కొందరు అందుకే వింగ్‌ను రెండు ముక్కలుగా చేయించుకుంటారు. కింది బ్రాకెట్లు డిక్కీకి ఉంటాయి, పై పలకను బోల్టులు విప్పి వెనక సీటు మీద వేసుకుని పోతారు, ట్రాక్ దగ్గర బిగిస్తారు. తెలివైన పనే. కాకపోతే ప్రతిసారీ బోల్టులు కొత్తగా బిగించాలి, కోణం కొలిచి పెట్టాలి. లాక్‌నట్ పాతబడితే మార్చాలి, నైలాన్ ఉన్న రకమైతే నాలుగైదు సార్లు విప్పాక దాని పట్టు నమ్మకూడదు.

ఇంత తెలిసీ పెట్టాలనిపిస్తే, డ్రిల్ తీసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. బండి మోడల్, ఏడాది, పెట్టబోయే వస్తువు పొడవు, వెడల్పు, బాడీ నుంచి ఎంత బయటికి, పైకప్పు నుంచి ఎంత పైకి, ఇవన్నీ కొలతలతో, టేపు కనిపించే ఫొటోలతో నిర్వాహకులకు మెయిల్ పెట్టాలి. ‘ఇది స్టాక్‌లో చెల్లుతుందా, లేకపోతే ఏ క్లాసు?’ అని నేరుగా అడగాలి. ఫోనులో ‘ఏం కాదు, తీసుకురా’ అన్న మాట స్క్రూటినీ రోజున పనికిరాదు. అన్నవాళ్లు ఆ రోజు అక్కడ ఉండకపోవచ్చు, ఉన్నా పక్క బండివాడు రాతపూర్వకంగా ఫీజు కట్టి ప్రొటెస్ట్ వేస్తే తీర్పు చెప్పేది స్టీవార్డులు, అంటే పోటీ న్యాయనిర్ణేతలు. స్పాయిలర్ కంపెనీదే అయితే ఆ వేరియంట్ బ్రోషర్ పేజీ, ఆర్‌సీ కాపీతో కలిపి ప్రింట్ తీసి ఉంచుకోవాలి. బ్రోషర్లు మోడల్ మారగానే కంపెనీ సైట్లలోంచి పోతుంటాయి, కాబట్టి బండి కొన్నప్పుడే దాచుకోవడం మేలు.